పూతకు రాని అయిదు డబ్బాలు

మా బ్రామ్‌వెల్ కొండ మీద సిమెంటు నీళ్ళ ట్యాంకు మొదట కట్టించింది నేను. వ్యవసాయ ప్రదర్శనలో పచ్చ పెండలానికి మూడుసార్లు మొదటి బహుమతి తెచ్చుకున్నది నేను. ఆరో తరగతితో బడి మానేసినా ఆదివారం చర్చిలో డీకన్‌గా, అంటే సంఘ పెద్దగా, వాక్యం చదివేది నేనే, ఇంతవరకు ఏ పాస్టరూ నా ఉచ్చారణ దిద్దలేదు. రోడ్డు మలుపులో వీధి దీపం వేయించిందీ, మా ఊరి డామినో బిళ్ళల ఆట జట్టును జిల్లా ఊళ్ళన్నీ ఆడే పారిష్ కప్పు దాకా తీసుకెళ్ళిందీ కూడా ఈ యురయా పిన్నక్ అనే నేనే. ఇవి ముందే చెప్పడం దేనికంటే, చెప్పేవాడెవడో తెలిస్తే మాటకు ఒక బరువుంటుంది. చెప్పబోయేది మాత్రం మా ఎదురింటి ఇసిల్డా గురించి.

ఇసిల్డా ఈ కొండ మీదే పుట్టింది. పదిహేనేళ్ళు నిండకుండానే సవానా-లా-మార్ సంతకు పెండలం మోసింది. శుక్రవారం లారీలో బస్తాల మీదెక్కి కూర్చుని, మలుపు మలుపుకీ పాట ఎత్తుకునేది. ఆ గొంతు వింటే లారీ ఎక్కడిదాకా వచ్చిందో మేము ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్ళం. అక్క చనిపోతే ఆమె ముగ్గురు పిల్లల్నీ తెచ్చుకుని పెంచింది. ఆ పిల్లలిప్పుడు ఒకరు కింగ్‌స్టన్‌లో నర్సు, ఒకరు మాంటెగో బే హోటల్లో వంటవాడు, మూడోది పెళ్ళి చేసుకుని కొండ దిగువనే ఉంది. వాళ్ళందర్నీ ఒక ఇంటివాళ్ళను చేశాకే తన పెళ్ళి సంగతి తలచుకుంది.

పెళ్ళి చేసుకున్న క్లోవిస్ చెరకు కొట్టేవాడు. మొదటిసారి ఆమె దగ్గర పెండలం కొనడానికి వచ్చి, ముక్క తెల్లగా లేదని పేచీ పెట్టాడు.

"పెండలం కొనడానికి వచ్చావా, దానికి పెళ్ళిచూపులు చూడ్డానికి వచ్చావా?" అందట ఇసిల్డా.

"రెండోదానికే. కాకపోతే పెండలానికి కాదు," అన్నాడట వాడు.

ఆ పెళ్ళికి తోడుపెళ్ళికొడుకుగా నిలబడ్డది నేను. ఉంగరం జేబులో పెట్టుకున్నదీ నేనే. పడేసుకోలేదు.

క్లోవిస్ మంచి కత్తివాటు మనిషి. వాడు కొట్టిన వరసలో మోడు ఎత్తుగా మిగిలేది కాదు. అటువంటివాడికి అరవై దాటాక చూపు పక్కలనుంచి మూసుకుపోవడం మొదలైంది. నీటికాసులు అన్నాడు పట్నం డాక్టరు. చుక్కల మందు ఇచ్చాడు, పోయిన చూపు ఇక రాదనీ, ఉన్నది నిలబెట్టుకోవాలనీ చెప్పాడు. ఆ చుక్కలు ఇసిల్డా ఒక్క పూటా మానకుండా వేసింది. అయినా ముందు వెదురు గొట్టంలోంచి చూసినట్టు అయింది, తరువాత ఆ గొట్టమూ సన్నబడిపోయింది. చివరికి వరండాలో తన కుర్చీకి పైన వేలాడే బల్బు ఒక్కటే కనబడేది.

పొద్దు వాలగానే ఇసిల్డా తలుపు పక్కనున్న స్విచ్చి నొక్కేది. టక్కుమనేది.

"వచ్చిందా?" అని అడిగేది.

"వచ్చింది."

"ఎలా ఉంది?"

"పండిన మామిడిపండులా ఉందే. కోసి తినాలనిపిస్తోంది."

అప్పుడు ఇసిల్డా ఊపిరి వదిలేది. ఆ ఊపిరి రోడ్డుకు ఇవతల నా వరండాలోకి కూడా వినిపించేదని నేను అంటే మీరు నమ్మక్కర్లేదు. కానీ రోజూ సాయంత్రం నేను వాళ్ళ వరండాలోనే క్లోవిస్‌తో డామినో బల్ల ముందు కూర్చునేవాణ్ణి, ఆమె ముఖం చూసేవాణ్ణి. పగలంతా ఆ జవాబు కోసమే పనులు చేసుకునేది. మామిడిపండు ఉన్నంతకాలం మొగుడు గుడ్డివాడు కాదు. ఆమెకు మిగిలింది అంతే.

కళ్ళ వెనక నొప్పి వేరే సంగతి. సాయంత్రమైతే వాడి కణతలు పట్టుకుని పిండేసేది. ఇసిల్డా నాయనమ్మకు దీనికొక వైద్యం ఉండేది. గంజాయి పూత తెల్ల రమ్ములో నానేసి కణతలకూ మణికట్లకూ రాసేది, ఆకుతో టీ కాచి పడుకోబోయే ముందు గుక్కెడు ఇచ్చేది. చెరకు తోటలకు ఓడలెక్కి వచ్చిన ఇండియావాళ్ళు ఆ మొక్కనూ ఆ పేరునూ తెచ్చారని పెద్దవాళ్ళు చెప్పేవారు. మా చిన్నతనంలో ఆ సీసా మంచం కింద దాచుకునేవాళ్ళు, పోలీసులు మొక్క కనిపిస్తే పీకి తగలబెట్టేవాళ్ళు. ఇప్పుడు చట్టం మారింది, ఇంటికి అయిదు మొక్కలు పెంచుకోవచ్చు. అయినా ఇసిల్డాలా చర్చి గాయకబృందంలో పాడే మనిషి పెరట్లో పెంచడమంటే మాటలు పడాల్సిందే.

"దేవుడింట్లో పాడే గొంతు, ఇంట్లో గంజాయి మొక్కా?" అంది మా సంఘంలో మనిషి సిస్టర్ వాల్డా, అందరూ వినేలా, చర్చి మెట్ల మీదే.

"నువ్వు క్రిస్మస్ కేకులో అంత రమ్ము పోస్తావు కదా వాల్డా, అప్పుడు దేవుడు ముక్కు మూసుకుంటాడా?" అంది ఇసిల్డా.

డీకన్‌గా నేను నవ్వకూడదు. దగ్గాను.

విత్తులు ఇచ్చింది రాస్ జెబ్యులన్. కొండ పైకొసన ఉంటాడు, జడలు కట్టిన జుట్టు మోకాళ్ళదాకా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఈ మొక్క కోసమే జైలుకు వెళ్ళొచ్చినవాడు. ఈస్టరు వెళ్ళాక మొలకలు పెయింటు డబ్బాల్లోకి మార్చే రోజున వచ్చి, మేక ఎరువు ఎంత కలపాలో చూపించి, ఇసిల్డాకు ఒక సంగతి చెప్పాడు.

"మన దేశంలో పొద్దు పొట్టిదమ్మా. చీకటి తొందరగా పడుతుంది. అందుకని ఈ పిల్ల మోకాలెత్తు ఎదగకుండానే పూతకొచ్చేస్తుంది, పసిపిల్లకి పెళ్ళి చేసినట్టు. పొద్దు కుంకాక ఇంకాసేపు బల్బు చూపించు. ఇంకా పగలే అనుకుని ఎదుగుతుంది. బాగా ఎదిగాక ఆరుబయట చీకట్లోకి దించు. అప్పుడు చూడు దాని సంగతి."

బల్బు ఎలాగూ వెలుగుతూనే ఉంది కదా. అయిదు డబ్బాలూ వరండాలో క్లోవిస్ కుర్చీ చుట్టూ పెట్టింది. అవి ఎదిగాయి. ఆకులు వాడి భుజాల మీద పడేవి.

"గాయకబృందంలో ఆడపిల్లల మధ్య కూర్చోబెట్టావే ఇసీ. ఈ వయసులో నాకిది మంచిది కాదు," అనేవాడు క్లోవిస్.

"నీ పక్కన కూర్చునే ఆడపిల్లలు ఇక ఇలాంటివాళ్ళే. సర్దుకో."

ఆగస్టులో మొక్కలు వరండా రెయిలింగు దాటాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆ అయిదు డబ్బాలూ నేనొక్కణ్ణే మెట్లు దించి పెరట్లో వరసగా పెట్టాను. ఎవరి చెయ్యీ పడలేదు.

"డీకన్ మూలుగుతుంటే మొక్కలు బెదురుతున్నాయి ఇసీ," అన్నాడు క్లోవిస్ పైనుంచి.

ఇక పూత కోసం ఎదురుచూపు మొదలైంది. సెప్టెంబరు గడిచింది. ఆకు మీద ఆకు వేశాయి, కొమ్మ మీద కొమ్మ వేశాయి. పూత జాడ లేదు. ఎరువు ఎక్కువైందన్నాను నేను. విత్తు మంచిది కాదన్నాను. పెండలంలో మూడు బహుమతులు తెచ్చుకున్నవాడి మాట కాబట్టి ఇసిల్డా విని ఎరువు తగ్గించింది. ఏమీ మారలేదు. దేవుడే ఆపాడని సిస్టర్ వాల్డా ఊరంతా చెప్పింది. క్లోవిస్‌కు నొప్పి పెరిగింది. డామినో మధ్యలో బిళ్ళ చేతిలో పట్టుకుని కణత నొక్కుకుంటూ ఆగిపోయేవాడు.

చివరికి జెబ్యులన్‌కు కబురు పెట్టింది ఇసిల్డా. వాడు పొద్దువాలే వేళకు వచ్చాడు. మొక్కల మధ్య నిలబడి కొమ్మల మొదళ్ళు చూశాడు. అప్పుడే ఇసిల్డా అలవాటు ప్రకారం స్విచ్చి నొక్కింది. మామిడిపండు సంగతి ఆ పూట కూడా జరిగింది. జెబ్యులన్ తన చేతుల మీద పడ్డ వెలుతురు చూసుకున్నాడు, తల ఎత్తి బల్బు చూశాడు.

"అమ్మా, ఆ బల్బు ఎవరి కోసం?"

"ఇంకెవరి కోసం? క్లోవిస్ కోసం."

"ఆ సంగతి మొక్కలకి తెలియదమ్మా. తమ కోసమే అనుకుంటున్నాయి. ఇంకా పొద్దు పోలేదనుకుని ఆడుకుంటున్నాయి. చీకటి పడకుండా పూత రాదు."

క్లోవిస్ కుర్చీలో కదిలాడు.

"ఆర్పేయ్ ఇసీ. ఏముంది?" అన్నాడు.

"ఆర్పను."

"ఓ రెండు నెలలే కదా?"

"రెండు రోజులు కూడా ఆర్పను. నీకు మిగిలింది ఆ ఒక్క వెలుగు. దాన్ని గడ్డి కోసం ఆర్పుతానా? పూత పోతే పోనీ. ఆకుతోనే టీ కాస్తాను."

డబ్బాలు ఇంకెక్కడికైనా మార్చమని మేము అన్నాం. ఇంటి వెనక అంతా లోయ, మేకకు కూడా కాలు నిలవదు. కంచె బయట పెడితే తెల్లారేసరికి డబ్బాలు కూడా ఉండవు, మా కొండలో పాతిన పెండలాన్నే తవ్వుకుపోతారు. జెబ్యులన్ పెరట్లో వాడి అయిదు వాడికి ఉన్నాయి. మా పెరట్లో పెట్టమన్నాను నేను. నా ఇంటి ముందే వీధి దీపం, దాని వెలుగంతా మా పెరట్లోకే, రోడ్డు దాటదు.

"ఆ దీపం వేయించింది ఎవరో?" అన్నాడు క్లోవిస్.

వాన వచ్చేలా ఉందన్నాను నేను.

అక్టోబరు వానల్లో ఒక సాయంత్రం. మబ్బు కొండ మీదికి దిగిపోయింది, అయిదున్నరకే బయట ఏమీ కనబడటం లేదు. బల్బు కింద నేనూ క్లోవిసూ డామినో ఆడుతున్నాం. ఇసిల్డా పక్కన పీట మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. క్లోవిస్ చూపు తగ్గినప్పటినుంచి బిళ్ళల మీద చుక్కల గుంటలు వేలితో తడిమి ఆడేవాడు, నాకంటే వేగంగా. ఈ కొండ మీద నన్ను ఓడించగలిగినవాడు వాడొక్కడే.

కరెంటు పోయింది. శబ్దం లేదు, మినుకు లేదు. పోయింది, అంతే. నా చేతిలో బిళ్ళలు నాకు కనబడలేదు. ఆగాను, ఇప్పుడో మరుక్షణమో వస్తుందని. ఇసిల్డా చేతిలో కాయ చిట్లిన శబ్దం ఒకటి వినిపించి ఆగిపోయింది.

"ఏంట్రా ఆలోచిస్తున్నావు? ఆడు," అన్నాడు క్లోవిస్.

నేను వేళ్ళతో బిళ్ళలు తడుముకుంటుంటే వాడే మళ్ళీ అన్నాడు:

"ఇంత మంచి వెలుతురులో కూడా కనపడట్లేదా నీకు? ఇవాళ మామిడిపండు మరీ బాగుంది. ఏం ఇసీ?"

చీకట్లో ఇసిల్డా ఇంకో కాయ చిట్లించింది.

"బాగుంది," అంది.

నేను చేతికందిన బిళ్ళ బల్ల మీద కొట్టాను. క్లోవిస్ వేళ్ళు దాన్ని తడిమాయి. వాడు పగలబడి నవ్వాడు.

"నాలుగు పక్కన నాలుగే పడాలి, వీడు మూడు పెట్టాడు! పారిష్ కప్పు మొనగాడు! ఇసీ, వీడికి కూడా ఆ చుక్కల మందు వేయి, కళ్ళు పోతున్నాయి."

నేనూ నవ్వాను. నా జీవితంలో చాలా కష్టమైన పనులు చేశాను. కరువు ఏడాది కొండ దిగువనుంచి నీళ్ళు మోశాను, తుఫానుకు కొట్టుకుపోయిన చర్చి కప్పు నా చేతులతో మళ్ళీ వేశాను. ఆ నవ్వు వాటిలో లెక్కే.

మర్నాడు పొద్దున ఇసిల్డా గేటు దగ్గరికి వచ్చింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"నువ్వూ చూశావుగా డీకన్?"

"చూశాను."

"ఎప్పట్నించో ఏమో. నేను టక్కుమనిపిస్తాను, ఆయన మామిడిపండు అంటాడు. అది వింటే చాలు నాకు, ఊపిరాడుతుంది. అది తెలిసి రోజూ నాకు ఆ మాట ఇచ్చాడు. కళ్ళ ముందు ఏమీ లేకపోయినా ఇచ్చాడు."

"ఇప్పుడేం చేస్తావు? అడిగేస్తావా?"

"ఎలా అడుగుతాను? నా కోసం దాచుకున్నది అది. లాక్కుంటే ఆయనకేం మిగులుతుంది?" కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత సంతలో బేరం తెగ్గొట్టే గొంతుతో అంది: "ఎండ ఎక్కాక ఆయన స్నానానికి వెళ్తాడు. అప్పుడు రా. బల్బు తీసెయ్యి. నాకు అందదు."

"మరి స్విచ్చి?"

"స్విచ్చి నేను నొక్కుతాను. రోజూ నొక్కుతాను."

అలాగే చేశాం. స్టూలెక్కి బల్బు విప్పి, చేతి రుమాల్లో చుట్టి ఆమెకిచ్చాను. ఆ సాయంత్రం పొద్దు వాలగానే ఇసిల్డా లేచి స్విచ్చి నొక్కింది. టక్కుమంది. పైన ఉత్త హోల్డరు వేలాడుతోంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎలా ఉంది?"

"ఇవాళ కొంచెం చిన్నగా ఉందే. వానకి పండు సరిగ్గా ఊరలేదు."

ఆమె ఊపిరి వదిలింది. ఎప్పటిలాగే, వాడికి వినబడేట్టు.

అక్కడినుంచి నా కష్టాలు మొదలయ్యాయి. చీకట్లో డామినో ఆడాలి, కళ్ళున్నవాడిలా ఆడాలి. ఇంట్లో కళ్ళు మూసుకుని బిళ్ళలు తడమడం నేర్చుకున్నాను. రెండు చుక్కలకూ మూడు చుక్కలకూ తేడా తెలియడానికే ప్రాణం పోయింది. అయిదుకీ ఆరుకీ ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అయినా నేర్చుకున్నాను. ఈ వయసులో కొత్త విద్య నేర్చినవాళ్ళు మా కొండ మీద ఇంకెవరున్నారు? రోజూ ఓడిపోయేవాణ్ణి. రోజూ తిట్లు తినేవాణ్ణి.

"ముసలితనం వచ్చేసింది డీకన్‌కి. పాపం, కప్పు తిరిగి ఇచ్చేయమని చెప్పు ఇసీ."

"ఇచ్చేస్తాడులే. నువ్వు ఆడు."

మొక్కలకు చీకటి దొరికింది. కొమ్మ మొదళ్ళ దగ్గర తెల్లటి నూలుపోగుల్లాంటివి రెండేసి బయటికి వచ్చాయి. ముందు చూసింది ఇసిల్డాయే, నన్ను చెయ్యి ఊపి పిలిచి చూపించింది. ఒక డబ్బాలోది పోతు మొక్క అని తేలితే జెబ్యులన్ పీకేశాడు. మిగిలిన నాలుగింటికీ పోగులు గుత్తులయ్యాయి, గుత్తులు కంకులయ్యాయి. చీకటి ఎక్కడ సంపాదించావని జెబ్యులన్ అడగబోతే ఇసిల్డా పెదాల మీద వేలు పెట్టింది. వాడు వరండాకేసి చూశాడు, ఉత్త హోల్డరు చూశాడు, టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కోశారు, నీడన ఆరబెట్టారు, తెల్ల రమ్ములో వేశారు. కొన్ని రాత్రులు క్లోవిస్‌కు నొప్పి తగ్గి నిద్ర పడుతోంది, కొన్ని రాత్రులు లేదు. చుక్కల మందు మానలేదు. అంతకుమించి నేను చెప్పను, చూడనిది చెప్పే అలవాటు నాకు లేదు.

కోతకు ముందు, డిసెంబరులో వీచే చల్లటి క్రిస్మస్ గాలి మొదలైన సాయంత్రం. ఆకాశం ఇంకా ఎర్రగా ఉంది. ఇసిల్డా సోరెల్ అనే ఎర్ర గోంగూర పువ్వు అల్లం వేసి కాచి మాకు గ్లాసుల్లో ఇచ్చింది. గాలి పెరట్లోంచి మెట్లెక్కి వరండాలోకి వచ్చింది. దానితోపాటు నిమ్మతొక్కా మిరియాలూ కలిపి నలిపినట్టు ఘాటైన వాసన వచ్చింది. క్లోవిస్ ముఖం ఎత్తి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

కాసేపటికి పొద్దు వాలింది. ఇసిల్డా లేచింది.

"కూర్చో ఇసీ," అన్నాడు.

"లైటు వేసొస్తాను."

"ఉత్త స్విచ్చి ఎందుకు నొక్కుతావే? అరిగిపోతుంది."

ఆమె లేచిన చోటే నిలబడిపోయింది. నేను బిళ్ళలు తడుముతూ తల దించుకున్నాను.

"చీకటి పడకుండా పూత రాదన్నాడు కదా జెబ్యులన్. నేను ఇక్కడే కూర్చుని విన్నాను. పూత వచ్చింది. అంటే బల్బు లేదు. బల్బు లేకుండా నువ్వు నన్ను ఎలా ఉందని అడుగుతున్నావు."

"నీకు ఎప్పుడు పోయింది క్లోవిస్?" అంది ఇసిల్డా. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఈస్టరు ముందు. ఒకరోజు నువ్వు నొక్కావు, టక్కుమంది, రాలేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. నువ్వు ఎలా ఉందని అడిగావు. నీ గొంతు విని, మామిడిపండు అనేశాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడూ నువ్వు అలాగే అడిగావు."

ఇసిల్డా తన పీట తెచ్చి వాడి కుర్చీకి ఆనించి వేసుకుని కూర్చుంది. వాడి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. వాడికీ తెలుసు, వేలితో ఆమె చెంప తుడిచాడు, డామినో బిళ్ళ తడిమినట్టే మెల్లిగా.

"వీడికీ తెలుసా?" అన్నాడు నాకేసి గడ్డం ఊపి.

"బల్బు విప్పింది ఆయనే."

"అందుకా రోజూ ఓడిపోతున్నావు! చీకట్లో ఆడుతున్నావా ఇన్నాళ్ళూ?"

"ఇకనించి లైటు తెచ్చుకుని ఆడతాను. అప్పుడు చూడు," అన్నాను.

వాడు నవ్వి, ఇసిల్డావైపు తిరిగాడు.

"పువ్వు ఎలా ఉంది ఇసీ?"

ఆమె పెరట్లోకి తిరిగి చూసింది. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ వాడికి ఇంకా కొంచెం కనబడుతుందన్నట్టు నడుచుకోవాలి కాబట్టి, ఆమె వాడికి ఏదీ ఎలా ఉందో చెప్పలేదు. చెబితే చూపు లేదని ఒప్పుకున్నట్టు. ఈస్టరు ముందునుంచీ క్లోవిస్‌కు ఒక్క ఆకు రంగు చెప్పినవాళ్ళు లేరు.

"లేత ఆకుపచ్చ," అంది ఇసిల్డా. "కాదు, పైన ఆకుపచ్చ, కొసల్లో కొంచెం వంకాయ రంగు దిగింది. పోగులు మొదట తెల్లగా ఉండేవి, ఇప్పుడు తుప్పు రంగుకి తిరిగాయి. పంచదార చల్లినట్టు ఒళ్ళంతా మెరుస్తోంది. కుడిపక్క డబ్బాలోది పొట్టిది, కానీ అన్నింటికంటే లావు కంకి దానిదే."

"ఆకాశం?"

"ఎరుపు పోతోంది. సముద్రం మీద ఇంకా కొంచెం ఉంది. వాల్డా ఇంటి కిటికీలో మెరుస్తోంది."

"డీకన్?"

"గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీ ఒకటి ఊడింది."

నేను అడ్డు చెప్పలేదు. వాళ్ళు నన్ను మరిచిపోయినట్టే ఉంది. రోడ్డు మీద మేకలు పోతుంటే ఆమె వాటి రంగులు చెప్పింది. లోయలో పొగ ఎటు తిరిగిందో చెప్పింది. వాడు కుర్చీలో వెనక్కి వాలి, అడిగిన కొద్దీ అడుగుతున్నాడు. నేను బిళ్ళలు పెట్టెలో సర్ది, మెట్లు దిగి రోడ్డు దాటాను. అప్పటికి బాగా చీకటి పడింది. మా గేటు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే వాళ్ళ వరండా కనబడలేదు. ఇసిల్డా గొంతు మాత్రం వినబడుతోంది. తనకూ ఏమీ కనబడని చోట కూర్చుని ఇంకా చెబుతూనే ఉంది.